బావులు బాగుపడ్డాయి, మరి ఈత మాటేమిటి?

కొన్నేళ్ళుగా మన నగరంలో ఒక మంచి పని జరుగుతున్నది. పూడిపోయిన మెట్లబావులను తవ్వి తీసి, కూలిన రాళ్ళు పేర్చి, మళ్ళీ నీళ్ళు నిలిచేలా చేస్తున్నారు. ఏళ్ళతరబడి చెత్తకుప్పగా పడి ఉన్న సికింద్రాబాదు బన్సీలాల్‌పేట బావి 2022 డిసెంబరు 5న మళ్ళీ ప్రజలపరమైంది. గోలకొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని బావుల పునరుద్ధరణకు అదే ఏడాది యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. వాటిలో పెద్దదైన బడీ బావ్లీ 2013 వానలకు ఒకవైపు కూలిపోయినది. దానిని తిరిగి నిలబెట్టారు. కామారెడ్డి జిల్లా లింగంపేటలోని నాగన్న బావి, వరంగల్లు శివనగర్‌లోని మెట్లబావి కూడా ఇలాగే బయటపడ్డాయి. ఈ పనికి చేతులు వేసిన ప్రతి ఒక్కరికీ నా నమస్కారం.

నమస్కారం పెట్టిన చేత్తోనే ఒక ప్రశ్న కూడా వేయాలనిపిస్తున్నది. బాగుపడిన బావి దగ్గరికి వెళ్ళితే మనం చేసేదేమిటి? పైన నిలబడి చూస్తాం, ఫోటో తీసుకుంటాం, సాయంత్రమైతే రంగుదీపాలు చూసి ఇంటికి వస్తాం. నీళ్ళలోకి దిగేవాడు లేడు. మెట్లు కట్టినదే దిగడానికి. దిగనివ్వని దిగుడుబావిని ఏమని పిలవాలో నా భాషాజ్ఞానానికి అందడం లేదు. బావికి ప్రాణం పోయడమంటే అందులో మళ్ళీ ఈత రావాలని నా అభిప్రాయం. ఇది ముసలివాడి ముచ్చటగా కొట్టిపారేయదగినది కాదనీ, పిల్లల ప్రాణాలతో ముడిపడినదనీ చెప్పడానికే ఈ టపా.

ముందుగా మాట సంగతి. ఇది నా వృత్తిదోషం, మన్నించాలి. తరగతిగదిలో ఏళ్ళకు ఏళ్ళు ప్రకృతి వికృతులు వల్లె వేయించినవాణ్ణి. వాపి ప్రకృతి, బావి వికృతి. ఆ వాపియే ఉత్తరాది భాషలలో బావ్‌డీ అయింది, బావ్లీ అయింది; మన హైదరాబాదు నోట బౌలి అయింది. అమరకోశం వాపికి దీర్ఘిక అని పర్యాయపదం ఇచ్చింది. పొడుగ్గా సాగినది అని అర్థం. మెట్ల వరుస కోసం నేలను పొడుగ్గా తవ్వవలసిన కట్టడానికి అది తగిన పేరే. కాబట్టి దూద్‌బౌలి అనేవాడూ, దిగుడుబావి అనేవాడూ తెలియకుండానే ఒక్క తల్లి బిడ్డలైన మాటలు పలుకుతున్నారు. పాతబస్తీలో తెలుగు, ఉర్దూ భాషల చుట్టరికానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ నాకు తోచదు.

ఆ పేర్లు ఒకసారి వరుసగా తలచుకోండి. చార్మినార్ నుంచి దక్షిణంగా నడిస్తే శాలిబండ. ఆ పక్కనే హరిబౌలి. ఆషాఢ బోనాలలో ఏనుగు మీద ఘటం ఊరేగే అక్కన్న మాదన్న మహంకాళి గుడి అక్కడిదే. మరో పక్కకు పోతే దూద్‌బౌలి. ఇంకా దక్షిణానికి సాగితే ఫలక్‌నుమా దగ్గర ఇంజన్‌బౌలి. మూసీ దాటితే కోఠీ వైపు పుత్లీబౌలి, మెహదీపట్నం వైపు రేతిబౌలి. ఊరి పొలిమేరల అవతల ఉండిన గచ్చిబౌలి ఇవాళ అద్దాల మేడలకు పేరు. అక్కడ ఉద్యోగం చేసే పిల్లలకు తమ కంపెనీ చిరునామాలో ఒక బావి ఉన్నదని తెలుసునో లేదో! ఈ బస్సు స్టాపులన్నీ కలిపి చదివితే నగరపు పాత నీళ్ళ పటం చేతికి వస్తుంది. పేర్లు ఉన్నాయి, బావులు చాలావరకు లేవు.

నేను ఈత నేర్చినది ఇలాంటి ఒక బావిలోనే. శాలిబండకు దిగువన, అప్పటికింకా మిగిలి ఉన్న ఒక తోటలో ఉండేది. దానికి పేరు లేదు, తోటబావి అనేవాళ్ళం. 1970ల తొలి వేసవులు. ఒకవైపు మెట్లు, మూడువైపులా నిలువురాతి గోడ, గోడ సందులలో పావురాలు. అడుగున రెండు తాబేళ్ళు ఉండేవి. అవి నీటిని శుభ్రంగా ఉంచుతాయని తోటమాలి నమ్మకం. తలకు పది పైసలు ఇచ్చి లోపలికి పోవాలి.

మాకు ఈత నేర్పిన ఉస్తాద్ బార్కస్ మనిషి. బార్కస్ సంగతి తెలియని బయటి ఊరి మిత్రులకోసం రెండు మాటలు. అరబ్బుదేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవారి సంతతి అక్కడ స్థిరపడింది. బ్యారక్స్ అన్న మాటే ప్రజల నోట బార్కస్ అయింది. ఆ రాకపోకలు ఎంత దగ్గరివంటే, హద్రమౌత్ తీరాన ముకల్లా రాజధానిగా 1967 దాకా ఏలిన ఖుఐతీ వంశానికి మూలపురుషుడు నిజాం సైన్యంలో జమేదారుగా పనిచేసినవాడే. మా ఉస్తాద్ ఆ ముకల్లాను ఎన్నడూ చూడలేదు. అయినా దాని సముద్రాన్ని కళ్ళకు కట్టినట్లు చెప్పేవాడు. పడవ అంచు మీది నుంచి పిల్లలు ఎలా దూకుతారు, ఉప్పునీళ్ళలో కళ్ళు తెరిస్తే ఎలా మండుతాయి, అడుగున ఇసుక ఎంత తెల్లగా ఉంటుంది, అన్నీ తాతగారి నోట విన్నవే. తాత సముద్రంలో దూకాడు, మనవడు శాలిబండ బావిలో దూకాడు. దూకే తీరు మాత్రం ఆ ఇంటిదే అని ఆయన నమ్మకం.

మొదట నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టేవాడు. వారం తరువాత ఒకటి విప్పేవాడు, పది రోజులకు రెండోది. ఆపైన మెడ వెనుక ఆయన చెయ్యి ఒక్కటే. నేను బ్రాహ్మణ పిల్లవాణ్ణి కావడంచేత నన్ను పంతులూ అని పిలిచేవాడు. "డరో నక్కో పంతులూ, పానీ ఉఠా లేతా" అనేవాడు. భయపడకు, నీరే నిన్ను పైకెత్తుకుంటుంది అని. ఆ తరువాత నేను ఎన్నో గ్రంథాలు చదివాను. ధైర్యాన్ని గురించి అంత పొట్టిగా, అంత ఉపయోగంగా చెప్పిన వాక్యం మరొకటి కనబడలేదు.

ఈత వచ్చాక మునక. ఈత వేరు, మునక వేరు. ఒర మీది నుంచి దూకి, అడుగు తాకి, పిడికెడు మట్టి తెచ్చి చూపితేనే మునిగినట్టు లెక్క. పైన మూరెడు నీళ్ళు ఎండకు నులివెచ్చగా ఉంటాయి. దాని కింద ఒక్కసారిగా చల్లన. ఇంకా దిగితే చెవులలో నొప్పి, చుట్టూ పచ్చని చీకటి, ఊట ఉన్నచోట కాలికి తగిలే మంచులాంటి నీటిపాయ. పైకి చూస్తే బావి నోరు చిన్న పళ్ళెమంత వెలుగు. పైకి వచ్చి, ఎండకు కాలిన బండ మీద చెవి ఆనించి పడుకుంటే లోపలి నీరు వెచ్చగా కారిపోయేది. బోర్లా పడి పొట్ట కందినవాడిని నాలుగు రోజులు ఆట పట్టించేవాళ్ళం. ఎవరైనా ఊపిరి తడబడితే మాత్రం నవ్వు ఆగిపోయేది. ఇద్దరు ఒక్క ఉదుటున దూకేవాళ్ళు. ఎవరి ప్రాణం ఎవరి చేతిలో ఉన్నదో చెప్పకుండానే తెలిసిన చోటు అది.

స్వస్థలం అంటే ఏమిటని ఈ వయస్సులో ఆలోచిస్తుంటాను. మా తాతలది పాలమూరు. మార్వాడీ మిత్రుడి తాతలది నాగౌరు. ఉస్తాద్ తాతలది హద్రమౌత్. ముగ్గురమూ తాతల ఊళ్ళను కథల్లో మోసుకు తిరిగినవాళ్ళమే. కానీ ఊపిరి బిగబట్టి దేని అడుగు తాకి వచ్చామో, ఆ నేల మాత్రం ముగ్గురికీ ఒక్కటే. పాతబస్తీ నాది అని నేను అనుకోవడానికి నా దగ్గర ఉన్న దస్తావేజు ఆ పిడికెడు మట్టి.

ఇక బావులు ఎందుకు పోయాయి? దీనిలో దుర్మార్గం పాలు తక్కువ, సౌకర్యం పాలు ఎక్కువ. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్ళలో ఇరవై ఒక్క అర్ధవృత్తపు కమానులతో మీర్ ఆలం చెరువు ఆనకట్ట లేచింది. నగరానికి తాగునీరు ఇచ్చింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నది. అటువంటిది మళ్ళీ రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదనూ ఆపాయి, కుళాయిలకు నీరూ ఇచ్చాయి. ఇంటిలోకి నీరు వచ్చాక బావి దగ్గరికి ఎవరు పోతారు? చేద పోయింది, గిలక పోయింది, మోట పోయింది. తరువాత బోరుబావి వచ్చి ఊటనే కిందికి లాగివేసింది. నీళ్ళు లేని బావి చెత్తకు గొయ్యి అవుతుంది, నిండిన గొయ్యి ఇళ్ళస్థలం అవుతుంది. మా తోటబావి కూడా అదే దారి పట్టింది. ఇవాళ దాని మీద మూడంతస్తుల ఇల్లు ఉన్నది. ఆ ఇంటివారికి తమ కింద తాబేళ్ళు ఉండేవని తెలియదు.

అయితే నీరు తన పాత చోటును అంత తేలికగా మరచిపోదు. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ దక్షిణాన పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలకు కాలనీలు మునిగాయి. నీటికి మనం కేటాయించిన చోట్లన్నీ మనమే ఆక్రమించాక, అది మన గదులలోకి వచ్చింది.

ఇక్కడ నాకు నేనే కొన్ని అభ్యంతరాలు చెప్పుకోవాలి. పాత రోజులను తలచుకునేటప్పుడు తీపినే తలచుకోవడం మన అలవాటు. వాపీకూపతటాకాలు పుణ్యకార్యాలన్నాం, సప్తసంతానాలలో తటాకాన్ని చేర్చాం. బావి తవ్విన చెయ్యి ఏ కులానిదైనా, నీళ్ళు ముట్టే హక్కు మాత్రం అందరికీ ఇవ్వలేదు. మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్ళు దోసిట పట్టడానికి డాక్టర్ అంబేద్కర్ 1927 మార్చిలో సత్యాగ్రహం చేయవలసి వచ్చింది. మన హైదరాబాదులోనే పుట్టిన భాగ్యరెడ్డివర్మ జీవితమంతా అంటరానితనం మీద పోరాడారు. మా తోటబావికి పది పైసలు ఇచ్చిన ప్రతివాడూ వచ్చేవాడు, నిజమే. కానీ ఊళ్ళలో ఎన్ని బావులు ఎందరికి మూసుకున్నాయో మరచి, బావుల వైభవం పాడితే అది అర్ధసత్యం అవుతుంది.

రెండోది ఆడపిల్లల మాట. నా చెల్లెలు నాకంటె చురుకైనది. ఆమె ఏనాడూ ఆ బావిలో దిగలేదు. తడిసిన తువ్వాలు ఇంటికి తెచ్చి నేను గొప్పలు చెబుతుంటే వింటూ కూర్చునేది. ఈ రోజుకీ ఆమెకు ఈత రాదు. కనుక నేను కోరేది పాత ఈతను ఉన్నది ఉన్నట్టు తిరిగి తెమ్మని కాదు. దానిలో మిగిలిపోయిన అప్పు తీర్చి మరీ తెమ్మని.

మూడోది ప్రమాదం. పెద్ద అభ్యంతరం ఇదే. పిల్లలు మునిగిపోతే బాధ్యత ఎవరిది అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి ఎదురు ప్రశ్న ఒకటి ఉన్నది. కమ్మీలు కట్టిన బావుల దగ్గర ఈత నేర్వని పిల్లలు వేసవిలో ఎక్కడికి పోతున్నారు? క్వారీ గుంటలకు, చెరువులకు, వాననీరు నిండిన పునాది గోతులకు. అక్కడ మెట్లు లేవు, లోతు తెలియదు, ఉస్తాద్ లేడు. ఏటా ఏప్రిల్, మే నెలల పత్రికలు తిరగేసిన వారికి ఆ వార్తలు నేను చెప్పనక్కరలేదు. తోడు దిగిన స్నేహితుడికీ ఈత రాక, ఇద్దరూ పోయారని ఎన్నిసార్లు చదివాం! ఉపాధ్యాయుడిగా ఉండినవాడికి ఆ వార్తలోని వయస్సులు చదవడం కష్టం. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి.

ఐక్యరాజ్యసమితి 2021 ఏప్రిల్లో ఒక తీర్మానం చేసి జూలై 25ను నీటమునకల నివారణ దినంగా ప్రకటించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఉపాయాలలో, ప్రమాదస్థలాలకు కంచె వేయడంతోపాటు బడిపిల్లలకు ఈత నేర్పడమూ ఉన్నది. మనం సగం ఉపాయం పాటించి ఊరుకున్నాం. కంచె వేశాం, ఈత నేర్పలేదు. ధనవంతుల పిల్లలకు అపార్టుమెంటులో నీలిరంగు పలకల కొలను ఉన్నది. దూద్‌బౌలి గల్లీలో పిల్లవాడికి ఏమున్నది?

పురాతన కట్టడంలో పిల్లలు ఈదితే కట్టడం చెడుతుందని కొందరు అంటారు. ఢిల్లీలో నిజాముద్దీన్ దర్గా పక్కన 14వ శతాబ్దికి చెందిన బావ్లీ ఉన్నది. చుట్టూ ఉన్న కప్పుల మీది నుంచి గల్లీ పిల్లలు అందులోకి దూకడం తరతరాలుగా ప్రసిద్ధం. 2008లో దాని గోడ ఒకవైపు కూలితే, మరమ్మతు చేసి నిలబెట్టారు. జోధ్‌పూర్‌లో 1740లలో కట్టిన తూర్జీ కా ఝాల్రాను శుభ్రం చేసి బాగుచేశాక, ఊరి కుర్రవాళ్ళు మళ్ళీ అరుగుల మీది నుంచి దూకసాగారు. ఆ దూకుడు చూడటానికే యాత్రికులు పోతున్నారు. పారిస్ నగరం సంగతి మరీ విచిత్రం. సేన్ నదిలో ఈతను 1923లో నిషేధించి, ఒక శతాబ్దం గడిచాక మురుగును అదుపు చేసి, 2025 జూలైలో మూడు చోట్ల జనాన్ని మళ్ళీ నీళ్ళలోకి దించారు. నీరు శుభ్రపడిందనడానికి మనుషులు అందులో దిగడం కంటె పెద్ద రుజువు ఏముంటుంది?

నా కోరికలు చిన్నవి. కుతుబ్‌షాహీ సమాధుల వంటి చారిత్రక ఆవరణలలోని బావులను వదిలివేద్దాం, అవి చూడటానికే ఉండనివ్వండి. బస్తీల మధ్య బాగుపడిన, బాగుపడబోయే బావులలో ఒకటి రెండింటినైనా ఈతకు ఎంచుకోండి. మొట్టమొదట నీటిని పరీక్ష చేయించండి. మురుగు ఊరే బావిలో పిల్లలను దించమని నేను అనను. లోతైన చోట నీటి కింద వల గాని, వేదిక గాని కట్టండి. వేసవి సెలవులలో ఉదయం రెండు గంటలు, జీతం ఇచ్చి పెట్టిన గజఈతగాళ్ళ కనుసన్నలలో చుట్టుపక్కల సర్కారు బడుల పిల్లలకు నేర్పించండి. సబ్బు, బట్టలు ఉతకడం నిషేధించండి. ఆడపిల్లలకు వేరే వేళ, నేర్పడానికి ఆడవారే. ఎవరి కులమూ, మతమూ అడగని చోటు అని గుమ్మం దగ్గర రాసిపెట్టండి. ఇవన్నీ కలిపినా రంగుదీపాలకు అయ్యే ఖర్చుకు అటూ ఇటూగా ఉంటుందని నా ఊహ.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటారా? బావిలో ఈత నేర్చినవారు, నేర్పినవారు ఇంకా కొందరు బతికి ఉన్నారు. ఏ బావిలో ఊట ఎటువైపు, ఏ మెట్టు పాచిపట్టి జారుతుంది, కొత్తవాడి మెడ వెనుక చెయ్యి ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు తీసివేయాలి, ఇవన్నీ వారి దేహాలలో ఉన్న విద్యలు. పుస్తకంలో రాసిపెడితే రావు. మా ఉస్తాద్ కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆయన శిష్యులలో చిన్నవాడికి కూడా అరవై దాటింది. మరో పదేళ్ళు ఆగితే బావులు మిగులుతాయేమో గాని, దూకడం తెలిసినవారు మిగలరు.

ఇది చదివే మిత్రులు చాలామంది ఏ సముద్రాల అవతలనో ఉన్నారు. మీరు ఈత నేర్చిన బావి పేరు, ఊరు, మీకు నేర్పినవారిని మీరు ఏమని పిలిచేవారో కింద వ్యాఖ్యలలో రాయండి. బావి ఇప్పుడు ఉన్నదో లేదో కూడా తెలిస్తే చెప్పండి. వచ్చినవన్నీ అక్షరక్రమంలో కూర్చి మరో టపాగా ప్రకటిస్తాను. మెట్లబావులు బాగుచేసేవారికి అది పనికివస్తే సంతోషం. ఆడవారు ఎవరైనా బావిలో ఈత నేర్చి ఉంటే తప్పక రాయాలి. నా చెల్లెలికి చదివి వినిపించాలి.